నమూనా సమస్య – నమ్మకానికి తొలిమెట్టు

ఛందస్సును అభ్యసించే విద్యార్థి మొదటి రోజే పద్యరచనకు పూనుకోడు. పూర్వకవి రాసిన ఒక ఉత్పలమాలను ఎదుట పెట్టుకుంటాడు. గురులఘువులు గుర్తిస్తాడు. భ, ర, న, భ, భ, ర, వ అనే గణాలు వరుసగా వచ్చాయా, పదవ అక్షరం దగ్గర యతి కుదిరిందా అని సరిచూసుకుంటాడు. ఎక్కడైనా గణం తప్పినట్లు కనిపిస్తే ఆ తప్పు పద్యానిది కాదనీ, తన గుర్తింపుదేననీ అతనికి తెలుసు. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరాన్ని లఘువుగా వదిలివేశానేమో అని మళ్లీ వెనక్కు వెళ్లి చూస్తాడు. ఫలితం ముందే తెలిసిన పద్యం మీద ఈ విధంగా చేయి తిరిగిన తరువాతనే, తాను రాసిన పద్యంలోని మంచిచెడ్డలను నిర్ణయించుకొనే అర్హత అతనికి కలుగుతుంది. అలంకారశాస్త్రంలోనూ ఇదే పద్ధతి. లక్షణాన్ని చెప్పి, లక్ష్యాన్ని చూపి, రెండింటికీ సమన్వయం చేసినప్పుడే అలంకారం బోధపడుతుంది. లక్ష్యం లేని లక్షణం కంఠస్థమవుతుందే గాని వంటబట్టదు.

ప్రాచీన శాస్త్రాలు పాటించిన ఈ క్రమశిక్షణే అత్యాధునికమైన కంప్యూటర్ సిమ్యులేషన్‌కు కూడా ప్రాణం. ప్రకృతిలో జరిగే ఒక ప్రక్రియను గణిత సమీకరణాల రూపంలోకి మార్చి, ఆ సమీకరణాలను కంప్యూటర్ చేత సాధింపజేసి, ఆ ప్రక్రియ ఎలా నడుస్తుందో తెలుసుకోవడమే సిమ్యులేషన్. విమానం రెక్క మీదుగా గాలి ఎలా సాగుతుంది? ఆనకట్ట గోడ ఎంత బరువును తట్టుకుంటుంది? తుఫాను ఏ తీరాన్ని తాకుతుంది? ఇటువంటి ప్రశ్నలకు ప్రతిసారీ ప్రయోగం చేసి జవాబు రాబట్టడం సాధ్యం కాదు. ఆనకట్టను కూల్చి దాని బలాన్ని పరీక్షించలేము. తుఫానును ప్రయోగశాలకు రప్పించలేము. అందువలన శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు సిమ్యులేషన్‌ను ఆశ్రయిస్తారు.

ఇటువంటి పనులకు ఉపయోగపడే ప్రతి సాఫ్ట్‌వేర్‌తోపాటు కొన్ని నమూనా సమస్యలు కూడా వస్తాయి. అవి చిన్నవి, సులభమైనవి, జవాబు తెలిసినవి. వాటిని నడిపి, వచ్చిన ఫలితాన్ని తెరమీద బొమ్మగా చూడటం విద్యార్థి చేసే తొలి అభ్యాసం. చాలామంది దీనిని పిల్లల ఆటగా భావిస్తారు. సాఫ్ట్‌వేర్ పనిచేస్తున్నదని తెలిస్తే చాలునని తొందరగా ముగించి అసలు సమస్యలోకి దూకుతారు. ఈ తొందర మంచిది కాదు. జవాబు తెలియని ప్రశ్నను యంత్రాన్ని అడిగే ముందు, జవాబు తెలిసిన ప్రశ్నను అడిగి దానిని పరీక్షించాలి. ఆ పరీక్షలో యంత్రంతోపాటు మనిషి కూడా పరీక్షింపబడతాడు.

ఈ సత్యాన్ని కంప్యూటర్ పుట్టకముందే ఆచరించి చూపిన మహనీయుడు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. ఆయన ఇంగ్లండు దేశీయుడు. వాతావరణాన్ని గణితం ద్వారా ముందుగా చెప్పవచ్చునని నమ్మినవాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్సులో క్షతగాత్రులను చేరవేసే అంబులెన్సు దళంలో సేవచేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా కాగితాల మీద చేతితో లెక్కలు వేశాడు. అయితే ఆయన రేపటి వాతావరణాన్ని చెప్పడానికి పూనుకోలేదు. ఎప్పుడో గడచిపోయిన 1910 మే 20వ తేదీని ఎన్నుకున్నాడు. ఆ ఉదయం ఐరోపాలో నమోదైన వివరాలను తీసుకొని, మధ్య ఐరోపాలో ఒకచోట ఆరు గంటలలో వాయుపీడనం ఎంత మారుతుందో గణించాడు. నిజానికి ఏం జరిగిందో అందరికీ తెలిసిన రోజును తీసుకొని తన పద్ధతిని పరీక్షకు నిలబెట్టాడన్నమాట.

పరీక్షలో ఆ పద్ధతి ఓడిపోయింది. పీడనం 145 మిల్లీబార్లు పెరుగుతుందని లెక్క తేలింది. వాస్తవానికి ఆ రోజు అక్కడ పీడనం దాదాపు మారలేదు. మరొకరైతే ఆ కాగితాలను చించివేసేవారు. రిచర్డ్‌సన్ మాత్రం 1922లో ప్రచురించిన తన గ్రంథంలో ఆ తప్పు ఫలితాన్ని దాచకుండా, లెక్క మొత్తాన్ని పట్టికలతో సహా అచ్చువేశాడు. అందువలననే తరువాతి తరాలవారు ఆ లెక్కను మళ్లీ చేసి చూడగలిగారు. లోపం ప్రధానంగా పద్ధతిలో లేదనీ, ఆరంభ వివరాలలోని అసమతౌల్యంలో ఉందనీ, వాటిని సవరిస్తే అదే పద్ధతి సమంజసమైన ఫలితాన్ని ఇస్తుందనీ నిర్ధారించారు. 1950లో ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్ మీద వాతావరణ గణన చేసినవారు కూడా 1949 జనవరి, ఫిబ్రవరి నెలలలోని గడచిన రోజులనే ఎన్నుకున్నారు. నేడు లోకమంతటా నడుస్తున్న వాతావరణ సూచన ఈ విధంగా నమూనా సమస్యల పునాది మీద లేచిన భవనం.

నమూనా సమస్య అంటే ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ ద్వారా పరిశీలించవచ్చు. ద్రవాలు, వాయువుల ప్రవాహాన్ని గణించడానికి ఓపెన్‌ఫోమ్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్నది. 2004లో ఇది అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చింది. చాలా సంవత్సరాలపాటు దీని కరదీపికలో తొలి పాఠంగా నిలిచిన సమస్యకు ‘కావిటీ’ అని పేరు. కావిటీ అంటే గుంట. ఒక్కొక్క భుజం 0.1 మీటరు, అంటే సుమారు జానెడుకంటే తక్కువ ఉన్న ఒక చతురస్రంలో ప్రవాహి నిండి ఉంటుంది. కింది గోడ, రెండు పక్క గోడలు కదలవు. పైనున్న గోడ మాత్రం సెకనుకు 1 మీటరు వేగంతో కుడివైపుకు జరుగుతూ ఉంటుంది. అంచువరకు నిండిన చిక్కని పానకం మీద పళ్లెం ఆనించి ఒక పక్కకు లాగుతూ ఉంటే లోపలి పానకం ఏమవుతుంది? ప్రశ్న ఇంతే.

ఈ చతురస్రాన్ని సాఫ్ట్‌వేర్ అడ్డంగా 20, నిలువుగా 20 గడులుగా విభజిస్తుంది. ఈ గడుల అల్లికనే మెష్ అంటారు. అంటే మొత్తం 400 గడులు. ఒక్కొక్క గడి వెడల్పు 0.005 మీటరు. కాలాన్ని కూడా 0.005 సెకను చొప్పున చిన్న చిన్న మెట్లుగా విభజించి, 0.5 సెకను వరకు, అంటే 100 మెట్లు లెక్కిస్తుంది. ఈ రెండు సంఖ్యలు ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు. సెకనుకు 1 మీటరు వేగంతో కదిలే ప్రవాహి 0.005 సెకనులో సరిగా 0.005 మీటరు దూరం పోతుంది. అంటే ఒక్క కాలపు మెట్టులో ప్రవాహి ఒక గడిని మించి దాటకూడదన్న నియమం ఇందులో ఇమిడి ఉంది. ఈ నిష్పత్తిని కూరాంట్ సంఖ్య అంటారు. వేగాన్ని భుజం పొడవుతో గుణించి, స్నిగ్ధతతో భాగిస్తే వచ్చేది రేనాల్డ్స్ సంఖ్య. ఈ పాఠంలో స్నిగ్ధత 0.01 గనుక ఆ సంఖ్య 10 అవుతుంది. అంటే ప్రవాహం నెమ్మదిగా, సుడిగుండాల అలజడి లేకుండా సాగుతుంది.

నడపడానికి మూడు ఆదేశాలు చాలు. మొదటిది గడులను అల్లుతుంది. రెండవది సమీకరణాలను సాధిస్తుంది. మూడవది ఫలితాన్ని పారావ్యూ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా బొమ్మగా చూపుతుంది. సాధారణమైన కంప్యూటర్ మీద కూడా ఇదంతా కొద్ది క్షణాలలో ముగుస్తుంది. తెరమీద ఎరుపు, నీలం రంగులతో అందమైన బొమ్మ ప్రత్యక్షమవుతుంది. తొలిసారి చూసిన విద్యార్థికి కలిగే ఆనందం తక్కువది కాదు, తృణీకరించదగినది అంతకన్నా కాదు. కంటికి కనిపించని పీడనం రంగుగా మారి ఎదుట నిలవడం నిజంగా అద్భుతమే. అయితే చదువు అక్కడితో ముగియదు. నిజానికి అక్కడే మొదలవుతుంది.

బొమ్మ కొన్నింటిని చూపుతుంది, కొన్నింటిని దాస్తుంది. కావిటీలోని పీడనాన్ని రంగులలో చూస్తే గుంట మొత్తం దాదాపు ఒకే రంగులో కనిపిస్తుంది. పై కుడి మూలలో ఎరుపు, పై ఎడమ మూలలో నీలం మాత్రమే స్పష్టంగా తెలుస్తాయి. గుంట మధ్యలో పీడన భేదమే లేదని అమాయకుడు అనుకుంటాడు. అది పొరపాటు. కదిలే గోడ ప్రవాహిని కుడి గోడ మీదికి నెట్టే మూలలో పీడనం బాగా పెరుగుతుంది. ఎడమ మూలలో బాగా తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్ రంగుల కొలబద్దను ఆ రెండు కొసలకు సరిపోయేలా సాగదీస్తుంది. దానితో మిగిలిన ప్రదేశంలోని భేదాలన్నీ ఒకే రంగులోకి ఒదిగిపోతాయి. కొలబద్ద పరిధిని తగ్గించి చూస్తే అదే గుంటలో ఇంతవరకు కనిపించని వంపులు, మెట్లు బయటపడతాయి. సంఖ్యలు మారలేదు. చూపు మారింది.

మరొక విషయం. సాఫ్ట్‌వేర్ ప్రతి గడికీ ఒక్క విలువనే లెక్కిస్తుంది. ఆ విలువలను ఉన్నవి ఉన్నట్లు చూపితే బొమ్మ గచ్చు మీద పరచిన రంగు పలకల వలె గరుకుగా ఉంటుంది. పక్కపక్క గడుల విలువలను కలిపి నునుపు చేసి చూపితే కంటికి ఇంపుగా ఉంటుంది. చాలామంది రెండవదానినే ఇష్టపడతారు. ఆ నునుపుదనం లెక్క నుండి వచ్చింది కాదు, చిత్రణ నుండి వచ్చింది. 400 గడుల లెక్కను నాలుగు లక్షల గడుల లెక్కగా భ్రమింపజేసే శక్తి దానికి ఉంది. అందువలన తొలి చూపు గరుకు బొమ్మ మీదనే పడాలి. కావ్యంలో అలంకారం రసానికి పోషకంగా ఉండాలి గాని రసాభావాన్ని కప్పిపుచ్చే తెర కాకూడదు. శాస్త్రచిత్రణలో రంగులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

మరి వచ్చిన బొమ్మ సరైనదో కాదో తెలుసుకోవడం ఎలా? మొదటి సాధనం విద్యార్థి సొంత బుద్ధి. గుంటకు అన్నివైపులా గోడలున్నాయి. ప్రవాహి బయటికి పోదు, బయటినుండి లోపలికి రాదు. అందువలన గుంట మధ్యలో ఒక నిలువు గీత గీస్తే, పై భాగంలో ఆ గీతను దాటి కుడివైపుకు ఎంత ప్రవాహి పోతుందో, కింది భాగంలో అంతే ప్రవాహి ఎడమవైపుకు తిరిగి రావాలి. ఆ గీత మీది వేగాలన్నింటినీ గడుల వారీగా కూడితే శూన్యానికి అతి చేరువగా రావాలి. ఇందుకు గ్రంథం అవసరం లేదు, గురువు అవసరం లేదు. ఒక కాగితం, కూడిక చాలు. కూడిక కుదరకపోతే బొమ్మ ఎంత అందంగా ఉన్నా దానిని పక్కన పెట్టవలసిందే.

రెండవ సాధనం గడులను చిన్నవి చేయడం. 20 గడులను 40 చేసి, కాలపు మెట్టును కూడా 0.0025 సెకనుకు తగ్గించి, మళ్లీ నడపాలి. తరువాత 80 చేసి నడపాలి. ఒక్కొక్కసారి వచ్చే జవాబు మునుపటి జవాబుకు దగ్గరపడుతూ పోతే లెక్క ఒక తీరానికి చేరుతున్నదని అర్థం. గడులు మారిన ప్రతిసారీ జవాబు కూడా పెద్దగా మారితే అది ప్రకృతి జవాబు కాదు, గడుల జవాబు. ఇక్కడ కావిటీ మరొక పాఠం కూడా చెబుతుంది. మధ్యభాగంలోని వేగాలు ఈ విధంగా స్థిరపడుతున్నా, గడులు చిన్నవైనకొద్దీ పై కుడి మూలలోని పీడనం మాత్రం పెరుగుతూనే, పై ఎడమ మూలలోని పీడనం తగ్గుతూనే పోతుంది. కదిలే గోడ, కదలని గోడ ఒకే బిందువు దగ్గర కలుస్తాయని ఊహించడం వలన వచ్చిన చిక్కు అది. ఏ సంఖ్యను నమ్మవచ్చో, ఏ సంఖ్యను నమ్మరాదో ఒకే సమస్యలో పక్కపక్కన కనిపించడం విద్యార్థికి గొప్ప అదృష్టం.

మూడవ సాధనం పెద్దల సాక్ష్యం. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయానికి చెందిన ఊర్మిళా ఘియా, కీర్తి ఘియా, షిన్ అనే ముగ్గురు పరిశోధకులు 1982లో ఈ గుంట సమస్యకు ఎంతో సూక్ష్మమైన గడులతో లెక్కలు చేసి, ఫలితాలను పట్టికలుగా ప్రచురించారు. రేనాల్డ్స్ సంఖ్య 100 నుండి 10,000 వరకు ఆ పట్టికలలో ఉన్నాయి. నాటినుండి నేటివరకు ప్రపంచంలో ఎవరు కొత్తగా ప్రవాహగణన సాఫ్ట్‌వేర్ రాసినా ఆ పట్టికతో పోల్చి చూసుకోవడం ఆనవాయితీ అయింది. విద్యార్థి కూడా స్నిగ్ధతను 0.001కి తగ్గిస్తే రేనాల్డ్స్ సంఖ్య 100 అవుతుంది. అప్పుడు 0.5 సెకను చాలదు. ప్రవాహం స్థిరపడేవరకు నడపాలి. మధ్య నిలువు గీత మీద, అడుగునుండి సుమారు 45 శాతం ఎత్తులో, పై గోడ వేగంలో సుమారు 21 శాతం వేగంతో ప్రవాహి ఎడమవైపుకు పోతున్నదని ఆ పట్టిక చెబుతుంది. తన లెక్కలో ఆ సంఖ్య వచ్చిన రోజున విద్యార్థికి కలిగే తృప్తి రంగుల బొమ్మను చూసినప్పటి ఆనందం కంటె లోతైనది. మొదటిది కంటికి సంబంధించినది. రెండవది జ్ఞానానికి సంబంధించినది.

ఇంత చిన్న గుంట కోసం ఇంత శ్రమ అవసరమా అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. దీనికి నార్వే దేశపు సముద్రం జవాబు చెప్పింది. ఉత్తర సముద్రంలో సహజవాయువును వెలికితీయడానికి స్లీప్నర్-ఏ అనే భారీ వేదికను నిర్మించ తలపెట్టారు. దాని పునాదిగా 24 పెద్ద గదులు గల కాంక్రీటు నిర్మాణాన్ని స్టవాంగర్ నగర సమీపంలోని గాండ్స్‌ఫియోర్డ్ అనే సముద్రపాయలో తయారుచేశారు. 1991 ఆగస్టు 23న పరీక్ష కోసం దానిని నెమ్మదిగా నీటిలోకి దించుతున్న సమయంలో, సుమారు 65 మీటర్ల లోతున ఒక గోడ పగిలింది. లోపలికి చొచ్చుకువచ్చిన నీటిని పంపులు తోడలేకపోయాయి. నిర్మాణం మొత్తం మునిగి సముద్రగర్భాన్ని తాకినప్పుడు కలిగిన అదురు భూకంప లేఖినులలో 3.0 తీవ్రతగా నమోదయింది. ప్రాణనష్టం జరగకపోవడం అదృష్టం. ఆర్థికనష్టం మాత్రం సుమారు 70 కోట్ల డాలర్లు.

దర్యాప్తులో తేలిన విషయం విద్యార్థులందరూ గుర్తుంచుకోదగినది. గదులు కలిసే చోట ముక్కోణపు ఆకారంలో ఉన్న సందులను కంప్యూటర్ గణనలో సరిపోనంత పెద్దవైన, సరికాని ఆకారపు గడులతో విభజించారు. దానివలన అక్కడి విరూపణ ప్రతిబలం అసలు విలువ కంటె 47 శాతం తక్కువగా లెక్క తేలింది. ఆ లెక్కను నమ్మి గోడల మందం తగ్గించారు. ఆ చోట ఉక్కు చువ్వల అమరిక కూడా చాలినంతగా లేదు. ప్రమాదం తరువాత మరింత జాగ్రత్తగా చేసిన గణన, గోడ 62 మీటర్ల లోతున పగులుతుందని చెప్పింది. నిజానికి పగిలింది 65 మీటర్ల దగ్గర. అంటే సమీకరణాలు అబద్ధమాడలేదు. వాడిన సాఫ్ట్‌వేర్ కూడా ప్రసిద్ధమైనదే. గడులను మరికొంత చిన్నవి చేసి జవాబు నిలుస్తుందో లేదో చూసుకొనే ఆ చిన్న అలవాటు అవసరమైన చోట లోపించింది. 400 గడుల గుంట నేర్పే పాఠం అక్కడ గుర్తుకు వచ్చి ఉంటే ఆ నిర్మాణం నిలిచి ఉండేదేమో!

కాంక్రీటు మునిగితే మళ్లీ కట్టుకోవచ్చు. మనుషుల ప్రాణాలు ఆధారపడిన సిమ్యులేషన్లు కూడా ఉన్నాయి. 2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడినప్పుడు హిందూమహాసముద్ర తీరవాసులకు ముందస్తు హెచ్చరిక అందలేదు. ఆంధ్ర తీరంలోని మత్స్యకార కుటుంబాలు కూడా ఆప్తులను కోల్పోయాయి. ఆ విషాదం తరువాత 2007లో హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రంలో సునామీ హెచ్చరిక వ్యవస్థ ఏర్పడింది. భూకంపం వచ్చిన తరువాత పెద్ద లెక్క మొదలుపెడితే సమయం చాలదు. అందువలన ఎన్నో భూకంపాలను ముందుగానే ఊహించి, వాటివలన పుట్టే అలలను సిమ్యులేషన్ ద్వారా గణించి, ఫలితాలను భద్రపరచి ఉంచుతారు. నిజంగా భూకంపం వచ్చినప్పుడు దానికి దగ్గరైన ఫలితాన్ని వెదికి తీసి తీరప్రాంతాలను హెచ్చరిస్తారు.

సునామీ గణనలను పరీక్షించడానికి కూడా ప్రపంచవ్యాప్తంగా వాడుకలో ఉన్న నమూనా సమస్యలున్నాయి. వాటిలో ఒకటి జపానుకు సంబంధించినది. 1993 జూలై 12న ఒకుషిరి ద్వీపాన్ని సునామీ ముంచెత్తింది. మొనాయ్ అనే చిన్న లోయలో నీరు 30 మీటర్లకు పైగా ఎత్తుకు ఎగబాకింది. జపాను శాస్త్రజ్ఞులు ఆ తీరాన్ని 400వ వంతుకు తగ్గించి నీటితొట్టిలో మలచి, అల ఎలా ఎక్కిందో కొలిచారు. ఆ కొలతలను ఎదుట పెట్టుకొని ఎవరి సిమ్యులేషన్ వారు నడిపి పోల్చుకుంటారు. ఆ లోయను ముంచిన అల నేడు ఎన్నో తీరాలను కాపాడే లెక్కలకు ఒరిపిడిరాయి అయింది. తెరమీద నీలి అల ఎక్కడివరకు వచ్చి ఆగిందో, ఆ గీతను నమ్మి ఒక గ్రామం ఖాళీ చేయాలా వద్దా అన్నది నిర్ణయమవుతుంది. అటువంటి గీత మీద నమ్మకం బొమ్మ అందం వలన కలగకూడదు. పరీక్షల వలన కలగాలి.

నమూనా సమస్య నెగ్గినంత మాత్రాన అసలు సమస్యలో తప్పు రాదని హామీ ఉన్నదా అని కొందరు వాదిస్తారు. హామీ లేదు. ఉత్పలమాలకు గణవిభజన చేయగలిగినవాడు సీసపద్యంలో తడబడవచ్చు. సమీకరణాన్ని సరిగా సాధించామా అన్నది ఒక ప్రశ్న. సరైన సమీకరణాన్నే ఎన్నుకున్నామా అన్నది మరొక ప్రశ్న. కావిటీ వంటి సమస్యలు మొదటి ప్రశ్నకే జవాబు చెబుతాయి. రెండవదానికి ప్రకృతిలోని కొలతలు, ప్రయోగాలు సాక్ష్యం చెప్పాలి. కాని మొదటి ప్రశ్నకే జవాబు తెలియనివాడు రెండవ ప్రశ్నను అడగనైనా అడగలేడు. తన లెక్క కొలతతో కలవనప్పుడు తప్పు సమీకరణంలో ఉన్నదో, గడులలో ఉన్నదో అతడు తేల్చుకోలేడు. కాబట్టి నమూనా సమస్య గమ్యం కాదు, గడప. గడప దాటినవారందరూ గమ్యం చేరకపోవచ్చు. గడప దాటకుండా చేరినవారు మాత్రం ఉండరు.

ఈ దృష్టితో చూస్తే కళాశాలలలో జరుగుతున్నది విచారం కలిగిస్తుంది. చాలాచోట్ల నమూనా సమస్య ఒక తంతుగా మారిపోయింది. విద్యార్థి మూడు ఆదేశాలు కొడతాడు. బొమ్మ వస్తుంది. దానిని ముద్రించి రికార్డు పుస్తకంలో అతికిస్తాడు. అధ్యాపకుడు సంతకం చేస్తాడు. తరగతిలోని అరవైమంది రికార్డులలో అరవై ఒకే బొమ్మలు! ఆ గుంటలో సుడి ఎందుకు పుట్టింది, దాని కేంద్రం పై గోడకు దగ్గరగా ఎందుకు ఉంది, రేనాల్డ్స్ సంఖ్య పెరిగినకొద్దీ అది గుంట నడిమికి ఎందుకు జరుగుతుంది అని అడిగేవారు ఉండరు. ఈ లోపం ఒక్క విద్యార్థిది కాదు. బొమ్మకు మార్కులు వేసి, ప్రశ్నకు మార్కులు వేయని పరీక్షావిధానానిది. పద్యాన్ని అప్పగించినవానికి మార్కులిచ్చి, భావం అడగకుండా విడిచిపెట్టడం వంటిదే ఇది.

పరిష్కారం కష్టసాధ్యమైనది కాదు. నడపడానికి ముందే ఏమి వస్తుందని అనుకుంటున్నాడో విద్యార్థి చేత చేతితో గీయించాలి. వచ్చిన బొమ్మ పక్కన ఆ గీతను అతికించి, రెండింటికీ తేడా ఎక్కడ ఉందో, ఎందుకు ఉందో నాలుగు వాక్యాలలో రాయించాలి. గడులను రెండింతలు, నాలుగింతలు చేయించి, జవాబులను పట్టికగా వేయించాలి. ఒకసారి కావాలని కాలపు మెట్టును పెంచి, లెక్క అదుపు తప్పినప్పుడు సంఖ్యలు ఎలా ఉంటాయో కళ్లారా చూపించాలి. రోగలక్షణాన్ని ఒక్కసారైనా చూడని వైద్యుడు రోగాన్ని గుర్తించలేడు. అన్నింటికంటె ముఖ్యంగా, తప్పు ఫలితం వచ్చినప్పుడు దానిని చించివేయకుండా రికార్డులో ఉంచి కారణం రాసినవానికి ఎక్కువ మార్కులు ఇవ్వాలి. రిచర్డ్‌సన్ చేసినది అదే కదా!

దీనికి ధనం అడ్డు కాదు. ఓపెన్‌ఫోమ్, పారావ్యూ రెండూ ఉచితమైనవి. బొంబాయి ఐఐటీలోని ఫోసీ ప్రాజెక్టు ఇటువంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను విద్యాసంస్థలలో వ్యాప్తిచేయడానికి కృషి చేస్తున్నది. ప్రవాహ సమస్యలను ఓపెన్‌ఫోమ్‌లో సాధించి సమర్పించేలా విద్యార్థులను ప్రోత్సహిస్తున్నది. ఒక చిన్న పట్టణంలోని కళాశాల విద్యార్థి నడిపే కావిటీకీ, మహానగరంలోని పరిశోధనాలయంలో నడిచే కావిటీకీ తేడా లేదు. అవే 400 గడులు, అదే సుడి, అదే జవాబు. సత్యాన్ని సరిచూసుకొనే అవకాశం ఇంత సమానంగా అందిన సందర్భాలు చరిత్రలో అరుదు. అడ్డుపడేదల్లా తొందర ఒక్కటే.

యంత్రం ఎన్నడూ ‘నాకు తెలియదు’ అని చెప్పదు. అడిగిన ప్రతిదానికీ ఏదో ఒక సంఖ్య ఇస్తుంది. ఇచ్చిన ప్రతి సంఖ్యకూ ఒక రంగు పూస్తుంది. అందులో సత్యమెంతో నిర్ణయించే బాధ్యత మనిషిదే. ఆ వివేకాన్ని నేర్పే బడి నమూనా సమస్య. కాబట్టి విద్యార్థులు దానిని చిన్నచూపు చూడరాదు. ఓపికతో నడపాలి, నిదానంగా చూడాలి, తెలిసిన జవాబుతో పోల్చాలి, తేడా వస్తే కారణం వెదకాలి. రేపు వంతెనలు కట్టేది, తుఫానుల దారి చెప్పేది, తీరగ్రామాలను మేల్కొలిపేది నేటి విద్యార్థులే. తెలిసిన ప్రశ్న దగ్గర నిజాయితీగా నిలబడినవారి మాటనే తెలియని ప్రశ్న ఎదురైన నాడు లోకం నమ్ముతుంది.